కాదనే ముందు కారణం చెప్పండి

మా పాతబస్తీలో ఈ మధ్య ఎటు పోయినా ఒకటే జవాబు. కాదు, లేదు, నడవదు. పది రూపాయల బిళ్ళ తీస్తే కిరాణావాడు నడవదంటాడు. శాలిబండకు రమ్మంటే ఆటోవాడు తల అడ్డంగా ఊపి బండి ముందుకు పోనిస్తాడు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడలేదంటారు. బ్యాంకులో పిన్‌కోడ్ చూసి కాగితాలు పక్కన పెడతారు. ఆఫీసుకు పోతే సర్వర్ డౌన్. లాల్‌దర్వాజా, గౌలిపుర గల్లీల్లో పెరిగి, ఇక్కడే తల నెరిసినవాణ్ణి. కాదనడం మా రోజుల్లోనూ ఉండేది. అయితే కాదన్నవాడు ఎదురుగా నిలబడేవాడు. ఎందుకు కాదంటున్నాడో చెప్పేవాడు. ఇప్పుడు కాదన్నది ఎవరో తెలియదు, ఎందుకో అసలే తెలియదు. నా బాధంతా అదే.

మా రోజుల్లో గల్లీ మొదట్లో సేటు దుకాణం ఉండేది. గోడ మీద ‘ఆజ్ నగద్, కల్ ఉధార్’ అని బోర్డు. ఆ బోర్డు కిందే ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. నెల మొదట్లో జీతం వచ్చినవాడు లెక్క తేల్చేవాడు. బాకీ పేరుకుపోతే సేటు నలుగురిలో అరవకుండా చబుత్రా మీద కూర్చోబెట్టి, “పాతది జర తగ్గించు, కొత్తది పట్టుకపో” అనేవాడు. అదీ కాదనడమే. కానీ దానికో కారణం ఉంది, దాన్ని దాటే దారీ ఉంది. బాకీ కడితే మళ్లీ సరుకు. చంటిపిల్లల పాలపొడికి మాత్రం ఎంత బాకీ ఉన్నా లేదనేవాడు కాదు.

ఇప్పుడు పది రూపాయల బిళ్ళ సంగతే చూడండి. ప్రభుత్వం ముద్రించి, రిజర్వు బ్యాంకు చలామణిలోకి పంపిన నాణెం. రకరకాల అచ్చులున్నాయని, కొన్ని నకిలీవని ఎవరో పుట్టించిన పుకారు హైదరాబాదంతా పాకింది. 14 రకాల అచ్చులూ చెల్లుతాయని, అనుమానం వద్దని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన నాణేలు వెయ్యి రూపాయల మొత్తం దాకా చెల్లుబాటే. వెయ్యి దాటి బస్తా నిండా బిళ్ళలు తెస్తే వద్దనే వీలు దుకాణదారుకు ఆ చట్టమే ఇచ్చింది. అల్లం వెల్లుల్లి కొనడానికి వచ్చిన ముసలమ్మ చేతిలోని ఒక్క బిళ్ళను వద్దనే హక్కు మాత్రం ఇవ్వలేదు. అడిగితే ఏమంటారు? “మా దగ్గర ఎవరూ తీసుకోరు అంకుల్.” ఎవరూ తీసుకోనిది ఎందుకంటే, ముందు నువ్వు తీసుకోవడం లేదు కనక.

ఇరానీ హోటళ్ల సంగతి చెప్పకుండా మా బస్తీ మాట పూర్తి కాదు. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, వన్ బై టూ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మండీలో మూటలు మోసే హమాలీ, హైకోర్టు వకీలు, రిక్షావాలా, పత్తర్‌గట్టి బట్టల వ్యాపారి ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. నీ కులమేంటి, మతమేంటి అని గల్లా మీద కూర్చున్నవాడు అడిగింది నేనెన్నడూ వినలేదు. ఒక్క చాయ్ తాగి పూటంతా కూర్చున్నా లేవమనేవారు కాదు. అలాంటి చోటనే తాగివచ్చి గొడవ చేసినవాణ్ణి గల్లా దిగి వచ్చి భుజం పట్టి బయటికి నడిపించడం చూశాను. మర్నాడు అదే మనిషి స్నానం చేసి, సలాం చెప్పి వస్తే అదే చాయ్ పోసేవారు. కాదన్నది ఆ పూట అతను చేసిన పనిని. మనిషిని కాదు. ఈ తేడా ఆ గల్లా మీది పెద్దమనిషికి ఏ చట్టమూ నేర్పలేదు.

ఇంతటితో ఆపి మా రోజులన్నీ బంగారమని చెబితే అది అబద్ధం. ఇదే నగరం చుట్టుపక్కల ఊళ్లలో, అవే రోజుల్లో, పుట్టుక చూసి కాదన్న చోట్లు ఎన్నో. హోటల్ బయట చూరులో దాచిన వేరే గ్లాసు. తాగి తనే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. మంగలి క్షవరం చేయడు. బావి దగ్గరికి రానివ్వరు. ఆ కాదనడం ముందు నిలబడి పోరాడినవాళ్లు ఈ నగరంలోనే పుట్టారు. 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి స్థాపించారు. దళిత పిల్లల కోసం హైదరాబాదులో పాఠశాలలు నడిపారు. 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించి, పంచములన్న పేరు వద్దని, ఆది ఆంధ్రులనాలని తీర్మానం చేయించారు. బడిలోకి రానివ్వకపోతే బడే కట్టిన మనిషి ఆయన. మా బస్తీ పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

అలాంటివాళ్ల పోరాటాలే తర్వాత చట్టాలయ్యాయి. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం ఏం చెబుతోంది? మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిని బట్టి ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. ప్రజలకోసం ఉన్న బావులు, చెరువులు, రోడ్లు వాడుకోకుండా ఆపకూడదు. ఇక్కడ గమనించవలసింది, ఈ మాట సర్కారుకొక్కదానికే కాదు, దుకాణం పెట్టుకున్న ప్రతి ప్రైవేటు మనిషికీ వర్తిస్తుంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, దుకాణమంటే సరుకులమ్మే కొట్టు ఒక్కటేనా, లాండ్రీ, క్షవరశాల వంటివి వస్తాయా అన్న ప్రశ్న లేచింది. ఆ మాటను విశాలమైన అర్థంలోనే వాడామని, వచ్చినవారికి తన సేవ అందించడానికి సిద్ధపడిన చోటల్లా దాని కిందికి వస్తుందని అంబేడ్కర్ జవాబిచ్చారు. నాకు ఇంతకంటే స్పష్టమైన మాట ఇంకెక్కడా కనబడలేదు. నీ ఇంట్లోకి ఎవరిని రానివ్వాలో నీ ఇష్టం. షట్టరెత్తి, బోర్డు కట్టి, రండి అని పిలిచాక, వచ్చినవాడి పుట్టుక అడిగే హక్కు నీకు పోయింది.

1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని గట్టిపరచి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. అంటరానితనం కారణంగా సరుకు అమ్మననడం, పని చేయననడం, హోటల్లో గ్లాసు ముట్టుకోనివ్వకపోవడం నేరం. జైలుశిక్ష ఉంది. వ్యాపార లైసెన్సు రద్దు చేసే అధికారం కోర్టుకు ఉంది. అయినా కొన్ని ఊళ్లలో రెండు గ్లాసులు పోవడానికి ఎన్నేళ్లు పట్టిందో అందరికీ తెలుసు.

చట్టమే మనిషిని కాదన్న రోజులూ ఉన్నాయి. నిజాం కాలం నాటి ఒక చట్టం 1329 ఫస్లీలో, అంటే సుమారు 1919లో వచ్చింది. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మనిషి బతుకునే కాదన్న ఆ చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అంతకు ముందు ఏడాదే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు మా ఉస్మానియా ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరారు. ఇందులో మా కాలం కంటే ఇప్పటి కాలమే మేలని నిండు మనసుతో ఒప్పుకుంటాను.

మరి ఇంత చట్టం, ఇంత తీర్పు వచ్చాక కూడా మనుషులను కాదనడం ఎందుకు పోలేదు? పోలేదు సరికదా, కొత్త వేషం వేసింది.

2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదికలో ఒక సంగతి రాసింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి, అక్కడివాళ్లకు అప్పులు, ఇతర సదుపాయాలు సులువుగా ఇవ్వడం లేదని. ఆ మాట చదివినప్పుడు పాతబస్తీలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇక్కడ ఇంటింటా ఒక కథ ఉంది. జీతం ఉంది, పాన్ కార్డు ఉంది, ఎగ్గొట్టిన అప్పు ఒక్కటీ లేదు. ఇంటి చిరునామా చెప్పగానే క్రెడిట్ కార్డు రాదు. అదే కుర్రాడు మాదాపూర్‌లో గది అద్దెకు తీసుకుని ఆ చిరునామా ఇస్తే వస్తుంది. మనిషి మారలేదు, గల్లీ మారింది. మా సేటు ఖాతా పుస్తకంలో నా పేరు మీద నా బాకీయే ఉండేది. పక్కింటివాడు ఎగ్గొట్టినందుకు నాకు ఉప్పు పప్పు ఆపలేదు. అప్పు ఇచ్చేవాడు తీరుస్తావా లేదా అని చూడాలి, చూడొద్దని ఎవరూ అనరు. చూడవలసింది ఆ మనిషి లెక్కలు. పుట్టిన చోటును చూసి కాదనకూడదని రాజ్యాంగం అంటుంటే, ఉండే చోటును చూసి కాదనడం ఏ న్యాయం?

ఇక ఆటోలు. మా రోజుల్లో సైకిలు రిక్షావాలా కూడా కాదనేవాడు. “చీకటైంది సాబ్, నయాపూల్ అవతలికి రాలేను, కాళ్లు లేవు” అనేవాడు. నిజమే, పొద్దంతా తొక్కిన కాళ్లవి. ఇప్పటి ఆటోవాడి కష్టం నాకు తెలియనిది కాదు. చార్మినార్ దగ్గర చిక్కుకుంటే గ్యాసు ఖర్చు అతనిదే, తిరుగు సవారీ దొరకదు. ఆ మాట నోరు తెరిచి చెబితే పది ఇరవై ఎక్కువిచ్చి ఎక్కేవాళ్లం. ఆస్పత్రికి పోవలసిన గర్భిణి రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే ఆపకుండా పోవడం మాత్రం కష్టం కిందికి రాదు. పర్మిట్ తీసుకున్న బండి సవారీని కాదనకూడదని మోటారు వాహనాల చట్టం 178వ సెక్షను చెబుతోంది. 1988లో మూడు చక్రాల బండికి పెట్టిన జరిమానా 50 రూపాయలు. 2019 సవరణలో క్యాబుల వంటివాటికి 500 చేశారు. ఆటోకు ఆ యాభయ్యే ఉంచారు. సవారీ ఖరీదు కంటే జరిమానా తక్కువైతే ఆ చట్టానికి ఎవరు భయపడతారు?

కాదనడం కొన్నవాడి వైపునుంచీ మొదలైంది. 2019 అక్టోబరులో మా అలియాబాద్‌లోనే ఒకాయన యాప్‌లో అన్నం తెప్పించుకుని, తెచ్చిన కుర్రాడు ముస్లిం అని తెలిసి తీసుకోనన్నాడు. సంగతి శాలిబండ పోలీస్ స్టేషను దాకా పోయింది. 2022లో నగరంలో ఇంకొకరు, ముస్లిం కుర్రాణ్ణి పంపొద్దని ఆర్డరులోనే రాశారు. డెలివరీ కార్మికుల సంఘం దాన్ని బయటపెట్టి, కంపెనీ నోరు విప్పాలని అడిగింది. శాలిబండలో బోనాలప్పుడు ఘటం వెళ్లే దారిలో ముస్లిం దుకాణదారు నీళ్లు పంచడం, మొహర్రంలో పీరుల ముందు హిందువులు ఊదు వేయడం చూస్తూ పెరిగాను. చేతికందిన అన్నం ప్యాకెట్టును, తెచ్చిన చేతి పేరు చూసి వెనక్కి పంపడం ఈ గల్లీల్లో జరిగిందంటే నా గుండె మండిపోయింది. ఆ కుర్రాడు ఎండలో బండి నడిపి తెచ్చాడు. అతని కూలి అతనికి రావాలి, అతని గౌరవం అతనికి దక్కాలి.

మరి వ్యాపారి ఎప్పుడూ కాదనకూడదా? కాదనవలసిన చోట కాదనాల్సిందే. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాడికి మద్యం అమ్మకూడదు. 18 నిండనివాడికి సిగరెట్టు చేతికివ్వకూడదు. యాసిడ్ కొనడానికి వచ్చినవాడి గుర్తింపు కాగితం చూడకుండా అమ్మకూడదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చీటీ లేకుండా కొన్ని మందులు ఇవ్వకూడదు. ఆడపిల్లలను ఏడిపించేవాణ్ణి, సామాను పగలగొట్టేవాణ్ణి గడప దాటనివ్వక్కర్లేదు. ఇవన్నీ చేసిన పనిని బట్టి, జరగబోయే కీడును బట్టి కాదనేవి. మన దగ్గర జరిగేది తలకిందులు. బడి పక్క డబ్బా కొట్టులో పన్నెండేళ్ల పిల్లాడికి సిగరెట్టు దొరుకుతుంది. మందుల షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ పొట్లం కడతారు. ముసలమ్మ పది రూపాయల బిళ్ళే నడవదు.

ఆస్పత్రుల దగ్గర కాదనడం ప్రాణం మీదికి వస్తుంది. రోడ్డు ప్రమాదంలో రక్తమోడుతున్న మనిషిని గేటు దగ్గరే ఆపి, “ఇది పోలీసు కేసు, ఉస్మానియాకు తీసుకుపోండి” అనడం ఈ నగరంలో ఎన్ని ఇళ్లకు తెలిసిన మాటో. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలిపే చికిత్స చేయాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సదుపాయం లేకపోతే కట్టుకట్టి, రక్తం ఆపి, తర్వాత పంపించు. మూసీ ఒడ్డున ఉన్న మా ఉస్మానియాలో మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టిన రోజులున్నాయి. గోడలు పాతబడి, 2020 వానల్లో వార్డుల్లోకి నీళ్లొచ్చి ఆ పాత భవనం ఖాళీ చేశారు. అయినా గేటు దగ్గర నువ్వెవరు, ఎంత తెచ్చావు అని అడిగి వెనక్కి పంపే ఆస్పత్రి కాదది. అద్దాల మేడలున్న ఆస్పత్రులు ఆ ఒక్క గుణమైనా నేర్చుకోవాలి.

అన్నిటికంటే పెద్ద నేరం సర్కారు కుర్చీలో కూర్చుని కాదనడం. కిరాణావాడు లేదంటే పక్క దుకాణానికి పోతాం. తహసీల్దారు ఆఫీసుకు, పోలీస్ స్టేషనుకు, రేషన్ షాపుకు పక్క దుకాణం లేదు.

రాష్ట్రంలో కొన్నేళ్లలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు లేదు, మాట లేదు. నెల మొదట్లో బియ్యానికి పోతే కార్డు లేదన్నారు. సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ పేర్లు, ఇళ్లు, బండ్లు కలిపి చూసి, నీకు కారుంది, నీకు ఇల్లుంది అని తేల్చేసిన కుటుంబాలూ అందులో ఉన్నాయి. పేరు కలిసినందుకు ఎవరి కారో ఇంకెవరి పేరు మీదో పడింది. ఎవరో ఒకరు వచ్చి గుమ్మంలోకి తొంగి చూస్తే, కారున్న ఇల్లో రిక్షా ఉన్న ఇల్లో తెలిసేది. హైదరాబాదు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కగా, రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిశీలిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. మధ్యలో ఆ ఇళ్లు తినని బియ్యం ఎవరు తిరిగిస్తారు? మా రోజుల్లో రేషన్ డీలరు తూకంలో మోసం చేసేవాడు, కిరోసిన్ దాచేవాడు, అది మాకు తెలుసు, పోయి పోట్లాడేవాళ్లం. కంప్యూటరుతో ఎవరు పోట్లాడతారు? బట్టలుతికి, గాజులు చేసి అరిగిపోయిన వేళ్లకు ముద్ర పడకపోతే ఆ వేలిది తప్పా? ఆధార్ ముద్ర పడలేదని అర్హుల తిండి ఆపకూడదని 2018 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. వేలు పడకపోతే వేరే దారి చూపించాల్సిన బాధ్యత డీలరుది, అధికారిది. అదే తీర్పు బ్యాంకు ఖాతాకు, ఫోను సిమ్ముకు ఆధార్ తప్పనిసరి కాదనీ చెప్పింది. అయినా కౌంటరు దగ్గర ముందు అడిగేది అదే.

పోలీస్ స్టేషనులో “మా ఏరియా కాదు” అనే మాట మా నాన్న కాలం నుంచీ ఉంది. విచారించదగ్గ నేరం గురించి చెబితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టంలో, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని స్పష్టంగా రాశారు. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపవచ్చు.

ఈ అన్నిటికీ మూలంగా ఒక నియమం ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనులో, ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన నిర్ణయాలకు కారణాలు ఆ నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి చెప్పాలని ఉంది. చాలామంది ఆ చట్టమంటే దరఖాస్తు పెట్టి కాగితాలు అడగడమే అనుకుంటారు. అడగకముందే కారణం చెప్పవలసిన బాధ్యత అధికారి నెత్తిన పెట్టింది ఆ చట్టం. దరఖాస్తు తీసుకోననే సమాచార అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. సర్వర్ డౌన్ అన్నది కారణం కాదు. రేపు రమ్మనడం నిర్ణయం కాదు.

నా తీర్పు ఇది. వ్యాపారి నడతను చూసి కాదనవచ్చు, పుట్టుకను, పేరును, గల్లీని చూసి కాదనకూడదు. అధికారి కాదనదలిస్తే కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. అలా రాయలేనిదేదైనా కాదనడానికి అతనికి హక్కు లేదు.

మా గల్లీ పిల్లలకు ఒక్క మాట. మీరు చదువుకున్నారు, చేతిలో ఫోనుంది. మీ నానమ్మ రేషన్ షాపు నుంచి ఖాళీ సంచితో తిరిగొస్తే ఆమెను తీసుకుని మళ్లీ పోండి. గొంతు పెంచకుండా, మర్యాదగా, “ఎందుకు కాదంటున్నారో రాసివ్వండి సార్” అని అడగండి. ఇవ్వకపోతే సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి అర్జీ తీసుకుపోండి, రసీదు లేకుండా మాత్రం ఇంటికి రాకండి.